చిన్న కెమెరా ఏం చెరిపేస్తోందో చూడండి

కెమెరా గురించి ఎవరు రాసినా కింద నాలుగు శాంపిల్ ఫోటోలు పెడతారు. వాటిలో ఒక ఎర్ర పువ్వు తప్పకుండా ఉంటుంది. ఎండలో మెరిసే భవనం ఒకటి, దాని వెనక నీలాకాశం కూడా ఉంటాయి. అవి చూసి "క్వాలిటీ బాగుంది" అని తేల్చేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. పదిహేనేళ్ల నాటి అతి మామూలు మోడల్‌తోనూ, నిన్నమొన్న వచ్చినదానితోనూ ఆ ఎండలో ఒకే దృశ్యాన్ని తీసి, ఫోటోల్ని స్క్రీన్ నిండా పెట్టి చూపిస్తే ఏది దేనిదో చెప్పడానికి చాలామంది తడుముకుంటారు. అంత వెలుతురులో కెమెరాకి కష్టమే లేదు. కష్టం లేనిచోట పరీక్ష ఏముంటుంది?

చిన్న కెమెరాని అది ఇబ్బంది పడేచోట చూడాలి. సాయంత్రం గదిలో ఒక్క బల్బు వెలుగుతుంటే, దానికి కాస్త దూరంగా కూర్చున్న మనిషిని తీయించి చూడాలి. అప్పుడైనా "ఎంత వివరం పట్టింది" అని కాదు, "ఎంత వివరం చెరిపేసింది" అని అడగాలంటాను నేను. రెండూ ఒకే ప్రశ్నలా ఉంటాయి గానీ కావు. కెమెరాకి అసలు అందని వివరం ఒకటి. అందిన తరవాత, ఫోటో శుభ్రంగా కనిపించాలని కెమెరాయే తుడిచేసిన వివరం ఇంకొకటి. మొదటిది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు, దాన్ని తిట్టుకుని లాభం లేదు. రెండోది తయారుచేసినవాళ్లు తీసుకున్న నిర్ణయం. మార్కులు వేయాల్సింది ఆ నిర్ణయానికి.

చిన్న కెమెరా, మామూలు కాంపాక్ట్ అని నేను అంటున్నది జేబులో పట్టేదాన్ని. లెన్స్ ఊడదు, వ్యూఫైండర్ ఉండదు, ఆటో మోడ్‌తో పాటు నాలుగు సీన్ మోడ్‌లు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది రా ఫైలు ఇవ్వదు. సెన్సర్ (లెన్స్ వెనక కాంతిని పట్టే పలక) చూసిందేమిటో మనకి చూపించదు, తను సరిచేసిన జేపెగ్ ఒక్కటే చేతిలో పెడుతుంది. (కొన్ని కెనాన్ పవర్‌షాట్ మోడళ్లకి ఔత్సాహికులు రాసిన సీహెచ్‌డీకే అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని మెమరీ కార్డులో వేసుకుంటే ఈ చిన్న కెమెరాలు కూడా రా ఫైళ్లు ఇస్తాయి. ఆ రా ఫైలునీ, అదే క్లిక్‌కి కెమెరా ఇచ్చిన జేపెగ్‌నీ పక్కపక్కన తెరిచి చూస్తే లోపల ఎంత తంతు జరుగుతోందో తెలుస్తుంది. ఓపికున్నవాళ్లు ఒకసారైనా చేసి చూడండి.)

ఈ కెమెరాల్లో ఎక్కువగా కనిపించేది 1/2.3 అంగుళాల రకం సెన్సర్. ఆ అంకె పట్టుకుని లెక్కలు వేయకండి, అది పాత వీడియో కెమెరా ట్యూబుల కాలం నుంచి అలవాటుగా వస్తున్న పేరే తప్ప కొలత కాదు. అసలు సెన్సర్ పొడవు సుమారు 6.2 మిల్లీమీటర్లు, వెడల్పు 4.6 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. పెద్ద కెమెరాల్లో వాడే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు ఉంటుంది. వైశాల్యంలో తేడా దాదాపు ముప్ఫై రెట్లు. అంటే ఒకే దృశ్యాన్ని, ఒకే అపర్చర్ అంకెతో (లెన్స్ పొడవుతో పోలిస్తే కాంతి వచ్చే రంధ్రం ఎంతో చెప్పే ఎఫ్ అంకె), ఒకే షట్టర్ వేగంతో తీస్తే చిన్న సెన్సర్ మీద పడే మొత్తం కాంతి పెద్దదాని మీద పడేదాంట్లో ముప్ఫయ్యో వంతే. ఈ ముక్క ఒక్కటి గుర్తుంటే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది.

ఎందుకంటే నాయిస్, అంటే ఫోటోలో కనిపించే గరుకు, చాలావరకు కెమెరా చేసే తప్పు కాదు. కాంతి ఫోటాన్లు అనే కణాల రూపంలో వస్తుంది, అవి వరస తప్పకుండా రావు, ఎలా పడితే అలా వస్తాయి. సెన్సర్ మీది ఒక పిక్సెల్‌కి, అంటే ఒక చుక్కకి, సగటున 10,000 ఫోటాన్లు అందితే అందులో హెచ్చుతగ్గులు 100 దాకా ఉంటాయి, అంటే ఒక శాతం. కంటికి ఆనదు. అదే పిక్సెల్‌కి 100 ఫోటాన్లే అందితే హెచ్చుతగ్గులు 10, అంటే పది శాతం. ఇప్పుడు నున్నటి గోడ కూడా ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. ఎంత ఖరీదైన ఫ్యాక్టరీలో చేసినా ఈ లెక్క మారదు. సెన్సర్ సొంతంగా కలిపే నాయిస్ ఇంకొంత ఉంటుంది. ఏటేటా తగ్గించుకుంటూ వచ్చింది దాన్నే. 2009 ప్రాంతంలో సోనీ మొదలుపెట్టిన వెనకవైపు నుంచి కాంతి తీసుకునే సెన్సర్లు ఈ చిన్న సైజుకి బాగా కలిసొచ్చాయి. తీగల అమరిక కాంతికి అడ్డురాకుండా వెనక్కి పోయింది కాబట్టి ఉన్న కాంతిలో ఎక్కువ భాగం పనికొస్తోంది. అయినా వచ్చేదే తక్కువైనప్పుడు ఏ అమరికైనా ఎంతని చేస్తుంది?

దీనికి తోడు రంగుల సంగతి. కొడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంట్ వచ్చిన రంగుల జాలీనే నేటికీ అత్యధిక కెమెరాల సెన్సర్ల మీద ఉంటుంది. సగం పిక్సెళ్లకి ఆకుపచ్చ, పావు వంతుకి ఎరుపు, పావు వంతుకి నీలం. అంటే ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది, మిగతా రెండూ ఇరుగుపొరుగు పిక్సెళ్లని చూసి ఊహిస్తుంది. ఫోటోలో ఉన్న రంగుల సమాచారంలో మూడింట రెండు వంతులు కెమెరా ఊహించిందే. వెలుతురు బాగున్నప్పుడు ఆ ఊహ దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. వెలుతురు తగ్గి, చుట్టుపక్కల పిక్సెళ్లే నాయిస్‌తో తడబడుతుంటే, తప్పు కొలతల మీద కట్టిన ఊహ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలా సెన్సర్ నుంచి వచ్చిన గరుకు బొమ్మని కెమెరా లోపలి చిప్ అందుకుంటుంది. దానికి ఒక సమస్య ఉంది. గోడ మీది నాయిస్‌కీ, దుప్పటి మీది నేతకీ తేడా దానికి తెలియదు. రెండూ పక్కపక్క పిక్సెళ్ల మధ్య చిన్నచిన్న తేడాలే. తేడా పెద్దదైతే అది వస్తువు అంచు అనుకుని వదిలేస్తుంది, చిన్నదైతే నాయిస్ అనుకుని నున్నగా చేసేస్తుంది. ఆ చిన్న తేడా అంటే ఎంత అని గీత గీసేది తయారీదారు. గీత కాస్త అటు జరిపితే ఫోటో గరుకుగా ఉంటుంది, నేత బతుకుతుంది. ఇటు జరిపితే గోడ నున్నగా వస్తుంది, నేత పోతుంది. మామూలు కాంపాక్టుల్లో ఈ గీత దాదాపు ఎప్పుడూ నునుపు వైపే ఉంటుంది. చెక్కడం పని ఉన్న గోడ మీద మందంగా సున్నం కొట్టినట్టన్నమాట. మరక పోయింది నిజమే, చెక్కడమూ పోయింది.

అందుకే నేను ఫోటోలో ముందు కళ్ల వైపు చూడను, జుట్టు వైపు చూస్తాను. కనురెప్పలకీ కంటిపాపకీ కాంట్రాస్ట్ ఎక్కువ, అంచులు గట్టిగా ఉంటాయి, ఏ కెమెరా అయినా వాటిని కాపాడుతుంది. నల్లటి జుట్టు మీద పడ్డ కొద్దిపాటి వెలుతురులో ఒక్కో వెంట్రుక విడివిడిగా కనిపిస్తోందా, లేక నల్ల రంగు పూసిన టోపీలా ఉందా అన్నది చూడాలి. ఆ తరవాత నెరిసిన గడ్డం, బుగ్గ మీది చర్మం, ఊలు స్వెటరు, చెక్క బల్ల మీది గీతలు. బయటైతే దూరంగా ఉన్న చెట్ల ఆకులు, నీడలో ఉన్న గడ్డి. వీటన్నిటిలో ఉన్న పోలిక ఒక్కటే, తేడాలు సన్నగా ఉంటాయి, కాంట్రాస్ట్ తక్కువ. కెమెరా చెయ్యి జారేది సరిగ్గా ఇక్కడే. నీడలోని గడ్డి పచ్చటి అలుకులా వచ్చిందంటే ఆ కెమెరా నాయిస్ తగ్గించడంలో దూకుడుగా ఉందని అర్థం. కొన్ని కెమెరాలు ఐఎస్‌ఓ (అందిన కాంతిని ఎంత పెంచి చూపాలన్న అంకె) 100 దగ్గర, అంటే వెలుతురు బాగున్నప్పుడు కూడా ఇలా చేస్తాయి. అవి నా లెక్కలో అక్కడే ఫెయిల్.

దీనికి వెంటనే వచ్చే ఎదురు మాట నాకు తెలుసు. కెమెరాలంటే పెద్దగా ఆసక్తి లేని మా స్నేహితుడొకాయన ప్రతిసారీ ఇదే అంటాడు: "నాకు గరుకుగా ఉన్న ఫోటో వద్దు బాబూ, క్లీన్‌గా ఉంటే చాలు. వెంట్రుకలు ఎవడు లెక్కపెట్టొచ్చాడు?" వాదనలో బలం లేకపోలేదు. ఫోటో చూసే మనుషుల్లో అత్యధికులు ఆయనలాంటివాళ్లే, కెమెరాలు తయారయ్యేదీ వాళ్ల కోసమే. అయినా నేను ఒప్పుకోను. కారణం, నాయిస్ చిన్న సైజులో కరిగిపోతుంది. 16 మెగాపిక్సెళ్ల ఫోటోని రెండు మెగాపిక్సెళ్ల స్క్రీన్ మీద చూస్తే ఎనిమిది పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ మూడింట ఒక వంతుకి దగ్గరగా పడిపోతుంది. ఎవరూ కష్టపడక్కర్లేదు, సైజు తగ్గడమే వైద్యం. కెమెరా విశాలంగా అలికేసిన చర్మం మాత్రం చిన్న సైజులోనూ ప్లాస్టిక్ బొమ్మ ముఖంలాగే ఉంటుంది. పైగా నాయిస్ ఉన్న ఫోటోని రేపు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసుకోవచ్చు, ఆ వీలు ఏటేటా పెరుగుతోంది కూడా. చెరిపేసిన ఫోటో నుంచి తిరిగి రాబట్టడానికి లోపల ఏమీ మిగలదు. పదేళ్ల తరవాత ఆ ముఖాన్ని పెద్దగా చూసుకోవాలనిపిస్తే?

ఒక మినహాయింపు ఇస్తాను. రంగుల నాయిస్ వేరు. చీకటి మూలల్లో ఊదా, ఆకుపచ్చ మచ్చలు తేలుతుంటాయే, వాటిని తుడిచేసినందుకు నేను ఏ కెమెరాని తప్పుపట్టను. మన కన్ను వెలుగునీడల వివరాన్ని పట్టినంత సూక్ష్మంగా రంగు వివరాన్ని పట్టదు. జేపెగ్ పద్ధతి కూడా 1992లో ప్రమాణంగా వచ్చినప్పటి నుంచీ ఈ బలహీనత మీదే బతుకుతోంది, చాలా కెమెరాలు రంగు సమాచారాన్ని తక్కువ రిజల్యూషన్‌లోనే దాస్తాయి. కాబట్టి రంగు మచ్చలు తీసేసి, వెలుగునీడల గరుకుని కొంత ఉంచిన కెమెరా దొరికితే అది తెలివైన చేతుల్లో తయారైందని అనుకుంటాను. అయితే ఆ తుడవడం కూడా శృతి మించితే చిన్న వస్తువుల రంగు వెలిసిపోతుంది. మసక వెలుతురులో తీసిన ముఖాల్లో పెదాలు బుగ్గల రంగులో కలిసిపోయాయంటే కారణం ఇదే కావచ్చు.

నున్నగా చేసిన తరవాత ఫోటో మెత్తబడిందని కెమెరాకీ తెలుసు. అప్పుడు రెండో మెట్టు, అంచుల్ని గట్టిపరచడం. ఆకాశానికి ఎదురుగా ఉన్న కొమ్మల చుట్టూ, భవనం అంచు వెంబడి సన్నటి తెల్ల గీత కనిపిస్తే అది లెన్స్ ఇచ్చింది కాదు, చిప్ గీసింది. దూరం నుంచి చూస్తే ఫోటో చురుగ్గా ఉన్నట్టుంటుంది. లోపల మైదానం నున్నగా, గట్టు మాత్రం కత్తిలా. ఈ రెండూ కలిసిన ఫోటో చూస్తే, ఎందుకో తెలియకపోయినా మనసుకి కృత్రిమంగా తోస్తుంది. మెనూలో షార్ప్‌నెస్ తగ్గించే వీలుంటే ఒక మెట్టు తగ్గించి వాడండి. చాలా చవక మోడళ్లలో ఆ వీలు ఉండదు.

మెగాపిక్సెళ్ల గురించి ఎక్కువ చెప్పను. 12 నుంచి 16కి వెళ్తే పొడవు వెంబడి పెరిగేది 15 శాతమే. ఆరు అంగుళాలు నాలుగు అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన, రెండు మెగాపిక్సెళ్లకి కాస్త పైన ఉంటే చాలు. ఏ4 కాగితం నిండా వేసినా తొమ్మిది లోపే. ఇంకో సంగతి, 16 మెగాపిక్సెళ్లని ఆ చిన్న సెన్సర్‌లో ఇరికిస్తే ఒక్కో పిక్సెల్ 1.3 మైక్రాన్లకి దిగుతుంది. అపర్చర్ ఎఫ్/3.3 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర ఒక కాంతి బిందువు లెన్స్ గుండా వచ్చి సెన్సర్ మీద పడేసరికి నాలుగు మైక్రాన్ల పైన విస్తరిస్తుంది, అది కాంతి స్వభావం. జూమ్ పూర్తిగా లాగి ఎఫ్/6.5 దాకా వెళ్తే ఆ మచ్చ ఎనిమిది మైక్రాన్లు దాటుతుంది. అంటే ఒక బిందువుని ఆరు పిక్సెళ్ల వెడల్పున మసకగా రాస్తున్నాం. దాన్ని ఇంకా ఎక్కువ పిక్సెళ్లతో కొలిస్తే మసకే మరింత నిశితంగా తెలుస్తుంది.

ఇక చూసే సైజు. ఇక్కడ జనం రెండు జట్లు. ఒక జట్టు కెమెరా వెనక ఉన్న బుల్లి స్క్రీన్ మీద చూసి సంతోషపడిపోతుంది. చవక మోడళ్ల స్క్రీన్ మీద 2,30,000 చుక్కలని రాసి ఉంటుంది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా లెక్కేశారు కాబట్టి నిజానికి అది 320×240 పిక్సెళ్లు. 16 మెగాపిక్సెళ్ల ఫోటోలో రెండువందల పిక్సెళ్లకి ఒకటి చొప్పున చూపిస్తోందది. ఆ స్క్రీన్ మీద చెయ్యి కదిలిన ఫోటో కూడా చక్కగా కనిపిస్తుంది. ఫోకస్ తప్పిన సంగతి కంప్యూటర్‌లో వేసుకున్నాక బయటపడుతుంది.

రెండో జట్టు కంప్యూటర్‌లో వేసి వెంటనే వంద శాతానికి పెంచేస్తుంది. 4,608 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోని అంగుళానికి 96 పిక్సెళ్ల మానిటర్ మీద వంద శాతంలో చూడటమంటే నాలుగడుగుల వెడల్పు ప్రింటు వేయించి, రెండడుగుల దూరంలో నిలబడి తప్పులు వెతకడంతో సమానం. ఈ తీరులో చూస్తే ఏ చిన్న కెమెరా నిలబడదు. ఐఎస్‌ఓ 400 ఫోటోని అలా పెంచి, "చెత్త" అని రాసేసిన సమీక్షలు చాలా చదివాను. అలా రాసినవాళ్లు ఆ ఫోటోని మళ్లీ ఆ సైజులో ఎప్పుడైనా చూస్తారా అంటే అనుమానమే.

మరి ఇందాక నేనే జుట్టు చూడమన్నాను కదా. చూడాలి, కానీ వరస ఇంకోలా. ముందు ఫోటోని స్క్రీన్ నిండా పెట్టి మామూలు దూరంలో కూర్చుని చూస్తాను. అక్కడ ఏదైనా వెలితి అనిపిస్తే, ముఖం మైనంలా ఉందనో చెట్టు ముద్దగా ఉందనో తోస్తే, అప్పుడు కారణం కోసం లోపలికి వెళ్తాను. స్క్రీన్ సైజులో ఏ లోపమూ తోచని ఫోటోని పెంచి పెంచి లోపం సంపాదించడం పనికిమాలిన పని. మధ్యేమార్గంగా యాభై శాతంలో చూడటం ఈ కెమెరాల విషయంలో చాలా న్యాయంగా ఉంటుంది. చెరిపిన జాడలు అక్కడా దాగవు, పిక్సెల్ స్థాయి గరుకు మాత్రం సద్దుమణుగుతుంది.

లెన్స్‌ని చూసే తీరు వేరు. మడిచిపెట్టుకుని కెమెరా లోపలికి పోయే ఈ జూమ్ లెన్సుల్లో పది దాకా గాజు ముక్కలు ఉంటాయి, కొన్ని వెంట్రుక వాసి పక్కకి జరిగినా ఫోటో ఒక పక్క మసకబారుతుంది. అందుకే ఒక మోడల్ మంచిదని చదివి కొన్నా, మన చేతికొచ్చినది మంచిదని హామీ లేదు. మూలలు నాలుగూ కాస్త మెత్తగా ఉండటం మామూలే, దాన్ని పట్టించుకోను. కుడివైపు స్పష్టంగా ఉండి ఎడమవైపు అలికినట్టుంటే మాత్రం ఆ కెమెరా వద్దు. దీన్ని చూడటానికి దూరంగా, వెడల్పుగా పరుచుకున్న దృశ్యం కావాలి. ఒక ఫోటో మామూలుగా, ఇంకొకటి కెమెరాని తలకిందులుగా పట్టుకుని తీయండి. మసక దృశ్యంలో అటువైపుకి మారిందంటే లోపం లెన్స్‌దే. దగ్గరి గోడని తీసి పరీక్షించేవాళ్లు చాలామంది కెమెరాని గోడకి సమాంతరంగా పట్టుకోరు, ఆ వంకర కాస్తా లెన్స్ ఖాతాలో పడుతుంది. గీతలు వంగడం, అంచుల్లో ఊదా రంగు అంటుకోవడం లాంటివి ఇప్పటి కెమెరాలు లోపలే చాలావరకు సరిచేసేస్తాయి.

నిజం చెప్పాలంటే, ఈ కెమెరాలతో తీసి పారేయాల్సొచ్చిన ఫోటోల్లో ఎక్కువ భాగం నాయిస్ వల్లా పోవు, లెన్స్ వల్లా పోవు. చెయ్యి కదలడం వల్ల, మనిషి కదలడం వల్ల, ఫోకస్ వెనక గోడ మీద కూర్చోవడం వల్ల పోతాయి. సమీక్షల్లో ఇవి "క్వాలిటీ" అన్న శీర్షిక కింద రావు, వేగం కిందో సౌకర్యం కిందో వస్తాయి. నాకు ఇది అర్థం కాని విభజన. మసకగా వచ్చిన ఫోటోకి మసక ఎక్కడినుంచి వచ్చిందన్నది చూసేవాడికి ఎందుకు? జూమ్ లేకుండా ఎఫ్/3.3 ఉన్న లెన్స్ జూమ్ చివర ఎఫ్/6.5 అయిందంటే కాంతి నాలుగో వంతుకి పడిపోయింది. సరిగ్గా అక్కడే చెయ్యి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. కెమెరాకి ఉన్న దారులు రెండే. ఐఎస్‌ఓ పెంచి నాయిస్ తెచ్చుకోవడం, లేదా షట్టర్‌ని నెమ్మది చేసి మసక తెచ్చుకోవడం. ఆటో మోడ్ ఏ దారి పడుతుందన్నది ఆ కెమెరా బుద్ధిని చెబుతుంది. ఫోటో ఫైలులోనే దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారం తెరిచి చూడండి, ఐఎస్‌ఓ ఎంత, షట్టర్ ఎంత అన్నది ఉంటుంది. గదిలో ఆడుకుంటున్న పిల్లాడిని సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో, ఐఎస్‌ఓ 200 దగ్గర తీసిన కెమెరా నాయిస్ లేదని మురిసిపోతూ పిల్లాడిని పోగొట్టింది. ఆప్టికల్ స్టెబిలైజేషన్ మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పిల్లాడిని ఆపలేదు కదా. అదే చోట ఐఎస్‌ఓ 800కి వెళ్లి, గరుకైనా సరే ముఖాన్ని నిలిపిన కెమెరాకి నేను రెట్టింపు మార్కులు వేస్తాను.

వెలుతురు కొలవడంలోనూ ఇదే చూపు పనికొస్తుంది. చిన్న సెన్సర్ తెలుపు వైపు తొందరగా నిండిపోతుంది. మేఘాలు, తెల్ల చొక్కా, నుదుటి మీది మెరుపు ఒక్కసారి 255 అనే గరిష్ఠ అంకెని తాకాయంటే అక్కడ ఇక వివరం లేదు, అది కూడా చెరిపినట్టే. నీడలో ఉన్నదాన్ని కొంత పైకి లాగొచ్చు, తెల్లబోయినదాన్ని కిందికి దించలేం. కొన్ని కెమెరాలు స్క్రీన్ మీద ఫోటో మిలమిలలాడాలని ఎప్పుడూ కాస్త ఎక్కువ వెలుతురే తీసుకుంటాయి. అలాంటిదాన్ని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌లో (కెమెరా తీసుకునే వెలుతురుని పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1/3 దగ్గర పెట్టి మర్చిపోవడం నా అలవాటు. వైట్ బ్యాలెన్స్ (దీపం రంగుకి తగ్గట్టు తెలుపుని సరిచేయడం) సంగతి అంత కంగారు పడాల్సింది కాదు. పసుపు బల్బు కింద ఫోటో కాస్త పసుపుగా వస్తే గది కూడా అలాగే ఉంది కదా. ముఖాలు ఆకుపచ్చగా మారితేనే టెన్షన్.

ఫ్లాష్‌తో తీసిన ఫోటో చూసి కెమెరాని అంచనా వేయకండి. ఫ్లాష్ కొద్ది మీటర్లే పారుతుంది, ఎదురు మనిషి తెల్లగా, వెనక గది చీకటిగా వస్తుంది. ఫ్లాష్ లెన్స్‌కి మరీ దగ్గరగా ఉండటం వల్ల కళ్లు ఎర్రబడటం, గాలిలో దుమ్ము కణాలు తెల్లటి గుండ్రటి చుక్కల్లా తేలడం దాదాపు అన్ని చిన్న కెమెరాల్లోనూ ఉన్నవే. ఆ గుండ్రాల్ని చూసి ఆత్మలని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు, అది వేరే సంగతి.

ఈ మధ్య సీసీడీ అనే పాత రకం సెన్సర్ ఉన్న కెమెరాల మీద కుర్రాళ్లకి మోజు పెరిగింది. సీసీడీని 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు, 2009లో దానికే నోబెల్ బహుమతి అందుకున్నారు. గొప్ప వస్తువే. కానీ "సీసీడీ రంగులు వేరు, ఆ అందం సీమాస్‌కి రాదు" అనే మాట నాకు ఎక్కదు (సీమాస్ అంటే ఇప్పటి కెమెరాల్లో ఉండే సెన్సర్ రకం). రంగుని నిర్ణయించేది సెన్సర్ మీది రంగుల జాలీ, లోపలి చిప్ చేసే లెక్కలు. సెన్సర్ సీసీడీయా సీమాసా అన్నదానికి అందులో పాత్ర చాలా తక్కువ. ఆ కాలం కెమెరాల ఫోటోలు బాగుండటానికి నాకు తోచే కారణం వేరు. అప్పటి చిప్‌లకి ఇంత గట్టిగా తుడిచే శక్తి లేదు. గరుకు మిగిలింది, కాంట్రాస్ట్ ఎక్కువగా పెట్టారు, ఫ్లాష్ ధారాళంగా వాడారు. మనవాళ్లు మోజుపడేది వీటి మీద. సీసీడీ ప్రత్యేకంగా ఇచ్చేది ఒకటుంది, వీధి దీపం లాంటిది ఫ్రేమ్‌లో ఉంటే దాని మీదుగా పైనుంచి కిందికి సాగే వెలుగు చార. దాన్ని ఎవరూ పొగడగా వినలేదు.

చిన్న కెమెరా గురించి మాట్లాడుతూ ఫోన్ ఊసెత్తకపోతే దాక్కున్నట్టవుతుంది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీఐపీఏ లెక్కల్లో 2010లో 12 కోట్లకి పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీ దాటాయి, 2020కి ఆ సంఖ్య 90 లక్షల లోపుకి పడిపోయింది. పోయినవాటిలో అత్యధికం ఈ జేబు కెమెరాలే. ఫోన్ గెలిచింది సౌకర్యం వల్ల మాత్రమే కాదు. చీకట్లో అది వరసగా చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కడుతుంది. పదహారు ఫ్రేముల సగటులో నాయిస్ నాలుగో వంతుకి తగ్గుతుంది, నేత నేతగానే ఉంటుంది. నాయిస్ తగ్గించడానికి చెరపక్కర్లేని దారి ఇది. గదిలో, రాత్రిపూట, కదలని మనిషిని తీయడానికి మామూలు కాంపాక్ట్ కన్నా మంచి ఫోన్ మేలని ఒప్పుకోక తప్పదు. జూమ్ దగ్గర కథ తిరగబడుతుంది. దూరాన్ని దగ్గర చేసే టెలి లెన్స్ లేని ఫోన్‌లో జూమ్ అంటే ఫోటోలో ఒక ముక్క కోసి పెంచడం. ఐదు రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న కెమెరా దానికన్నా నిజంగానే ఎక్కువ చూస్తుంది. పైగా కొన్ని ఫోన్లు ఇప్పుడు కోసిన ముక్కలో లేని వివరాన్ని ఊహించి రాసే దాకా వెళ్లాయి. దూరపు బోర్డు మీది అక్షరాలు ఏ భాషకీ చెందని గీతలుగా మారిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. చెరపడం కన్నా అది నాకు పెద్ద నేరం.

కొత్త మోడళ్లు అరుదైపోయాయి కాబట్టి ఇప్పుడు చిన్న కెమెరా కొనేవాళ్లలో చాలామంది వాడినదే కొంటారు. అలాంటప్పుడు సొంత మెమరీ కార్డు పట్టుకెళ్లండి, వెనక స్క్రీన్ మీద చూసి డబ్బు చేతిలో పెట్టకండి. ఫ్లాష్ ఆపేసి, గదిలో నీడ ఉన్న మూలలో మనిషి ముఖం ఒకటి తీయండి. బయటికొచ్చి దూరపు దృశ్యం మామూలుగా ఒకసారి, తలకిందులుగా ఒకసారి. తరవాత జూమ్ పూర్తిగా లాగి ఉత్త ఆకాశాన్ని తీయండి, సూర్యుడు మీ వెనక ఉండేలా చూసుకుని. ఆకాశంలో ఒకే చోట ప్రతి ఫోటోలోనూ బూడిదరంగు మచ్చ వస్తుంటే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టు. లెన్స్ లోపలికీ బయటికీ కదిలేటప్పుడు గాలితో పాటు దుమ్మునీ లాక్కుంటుంది. ఈ కెమెరాల లెన్స్ ఊడదు కాబట్టి విప్పి శుభ్రం చేయడం కెమెరా విలువకి మించిన ఖర్చు. ఒకటి రెండు మచ్చలుంటే ధర తగ్గించమని అడిగి తీసుకోవచ్చు, జూమ్ లేనప్పుడు అవి కనిపించవు కూడా. ఒక పక్క మసకబారిన లెన్స్ అయితే ఎంత తగ్గించినా వద్దు.